తారు ముదిరే తీరు: ఏడేళ్ల రోడ్డు మీద నా ప్రాజెక్టు డైరీ

నవంబర్ 11

మా మండల కేంద్రం నుంచి హైవేకి కలిసే రోడ్డు మీద చిన్నప్పటి నుంచి తిరుగుతున్నాను. ఇప్పుడున్న పై పొర ఏడేళ్ల కిందట వేసింది. పండక్కి ఇంటికి వెళ్లినప్పుడు బండి పక్కన ఆపి చాలాసేపు చూశాను. లారీల చక్రాలు రోజూ నలిపే చోట రోడ్డు నల్లగా, నున్నగా, బాగానే ఉంది. అంచున, బండ్లు పెద్దగా ఎక్కని మీటరు వెడల్పులో మాత్రం బూడిద రంగుకు తిరిగి గళ్లు గళ్లుగా పగిలింది. గోటితో గీకితే కంకర పలుకులు ఊడి వస్తున్నాయి.

బరువు మోసిన చోట బాగుండి, మోయని చోట ఎందుకు పగిలింది? ఎం.టెక్ ప్రాజెక్టుకు ఇదే ప్రశ్న తీసుకుంటానని సార్‌కి చెప్పాను. "అంచున నీళ్లు దిగి కింది పొర కుంగినా పగుళ్లొస్తాయి. ముందు అది కాదని తేల్చుకో, తర్వాత తారు సంగతి చూడు" అన్నారు. న్యాయమైన మాట.

మా వైపు డాంబర్ అంటారు, మిగతాచోట్ల తారు అంటారు. అసలు తారు బొగ్గు నుంచి వచ్చేది. ఇప్పుడు రోడ్లకు పోసేది ముడి చమురు శుద్ధి చేశాక అడుగున మిగిలే బిటుమెన్. అయినా నోటికి వచ్చేది తారే కాబట్టి ఈ డైరీలో అలాగే రాస్తాను.

నవంబర్ 27

అదృష్టం కలిసొచ్చింది. మంచినీళ్ల పైపు కోసం ఆ రోడ్డును మూడు చోట్ల కోస్తున్నారు. ఇంజనీరుగారి అనుమతితో కోసిన పలకలు ట్రాలీ ఆటోలో కాలేజీకి తెచ్చాను. పై పొర 40 మిల్లీమీటర్ల బిటుమినస్ కాంక్రీట్, అంటే కంకరనూ తారునూ కలిపి పరిచినది. అంచనా కాగితాల్లో వీజీ-30 తారు అని ఉంది. చిక్కదనాన్ని బట్టి తారుకు పెట్టే రకం పేరు అది.

మూడు రకాల చోట్లు దొరికాయి. ఎండలో చక్రాలు నడిచే బాట, చింతచెట్ల నీడలో చక్రాలు నడిచే బాట, ఎండలో ఉన్న అంచు. ఒక్కో చోటి పలకల నుంచి 100 మిల్లీమీటర్ల వ్యాసంతో ఆరేసి కోర్లు, అంటే గుండ్రటి ముక్కలు, తీశాను.

ఆరు ఎందుకంటే, తారు లెక్క వేసుకుంటే అంతే వచ్చింది. కోర్‌ను అడ్డంగా రెండుగా కోసి పై 20, కింది 20 మిల్లీమీటర్లు వేరు చేయాలి. అలాంటి ఒక్క బిళ్ల బరువు సుమారు 360 గ్రాములు, అందులో తారు 20 గ్రాములు దాటదు. సూది దిగే లోతుతో మెత్తదనం కొలిచే పెనిట్రేషన్ పరీక్ష గిన్నె నిండాలంటే, మెత్తబడే వేడి చూడటానికి కూడా మిగలాలంటే వంద గ్రాములైనా కావాలి. అంటే ఆరు బిళ్లల తారు కలిపితే ఒక్క నమూనా. ఈ లెక్క ముందే వేసుకోకపోతే మధ్యలో ఇరుక్కునేవాణ్ని.

సార్ అడిగిన దానికి జవాబు కోర్లలోనే కనిపించింది. అంచు కోర్లలో పగులు పైనుంచి మొదలై 15 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోయింది. కింద చెక్కుచెదరలేదు. కింది పొర కుంగి ఉంటే పగులు కింది నుంచి పైకి రావాలి. కాబట్టి అనుమానం పై పొర మీదికే వచ్చింది.

డిసెంబర్ 9

ముదిరిన తారును కొలిచే ముందు లేత తారు ఎలా ఉంటుందో తెలియాలి. కొత్త వీజీ-30 డబ్బా తెచ్చుకున్నాం. 25 డిగ్రీల నీళ్లలో గిన్నెను నిలిపి, 100 గ్రాముల బరువుతో సూదిని ఐదు సెకన్లు వదిలితే ఎంత లోతు దిగిందో చూడటమే పెనిట్రేషన్ పరీక్ష. ఒక్కో పాయింటు మిల్లీమీటరులో పదో వంతు. తారుకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 73 ప్రకారం వీజీ-30కి కనీసం 45 ఉండాలి.

మొదటి రోజు 63 వచ్చింది. వారం తర్వాత అదే డబ్బా నుంచి తీస్తే 52. సూది మార్చాను, నీళ్ల వేడి మళ్లీ చూశాను, మళ్లీ 52. ల్యాబ్‌లో ఇరవై ఏళ్లుగా ఉన్న అన్న వచ్చి ఒకే ప్రశ్న అడిగాడు: "ఈ డబ్బా ఎన్నిసార్లు పొయ్యి మీద పెట్టావు తమ్ముడూ?"

నాలుగుసార్లు. ప్రతిసారీ డబ్బా మొత్తం కరిగించి, కావలసినంత పోసుకుని మిగతాది చల్లారబెట్టాను. ఏడేళ్లలో రోడ్డు మీద జరిగేది కొలవాలని కూర్చుని, అందులో కొంత నా చేతులతోనే స్టవ్ మీద చేసేశాను. ఆ వారం రీడింగులన్నీ కొట్టేశాను.

ఇప్పుడు పద్ధతి మార్చాను. కొత్త డబ్బాను ఒక్కసారే ఓవెన్‌లో, పోయడానికి వీలైనంత వేడి మాత్రమే చేసి, 200 గ్రాముల చిన్న మూత డబ్బాల్లోకి పంచాను. ఒక డబ్బా తెరిస్తే ఆ రోజే వాడటం, మిగిలినది పారేయడం. ఈ పని మొదలుపెట్టే వాళ్లెవరైనా మొదటి రోజే ఇలా చేయండి.

డిసెంబర్ 18

రోలింగ్ థిన్ ఫిల్మ్ ఓవెన్, ఆర్‌టీఎఫ్‌ఓ. ఎనిమిది గాజు సీసాల్లో 35 గ్రాముల చొప్పున తారు పోసి, గుండ్రటి చట్రంలో అడ్డంగా బిగిస్తాం. 163 డిగ్రీల వేడిలో చట్రం నిమిషానికి 15 చుట్లు తిరుగుతుంది. ప్రతి సీసా కింది వరసలోకి వచ్చినప్పుడు దాని మూతి దగ్గర వేడి గాలి ఊదుతుంది. 85 నిమిషాలు. హాట్ మిక్స్ ప్లాంటులో వేడి కంకరతో కలిపి, ఆ మిక్స్‌ను రోడ్డు మీద పరిచేలోపు తారుకు జరిగే నష్టానికి ఇది నకలు.

దింపాక కొలిస్తే 63 ఉన్న పెనిట్రేషన్ 39కి పడింది. మెత్తబడే వేడి 48.5 నుంచి 54 డిగ్రీలకు పెరిగింది. 60 డిగ్రీల దగ్గర చిక్కదనం 2.6 రెట్లైంది. ప్రమాణం ప్రకారం 4 రెట్లు దాటకూడదు, కాబట్టి ఈ తారు మంచిదే.

కాగితం మీద ఇది మామూలు ఫలితం. కానీ దీని అర్థం నాకు ఇవాళే ఒంటికి పట్టింది. రోడ్డు మీద ఒక్క బండి నడవకముందే, ఒక్క ఎండాకాలం చూడకముందే, తారు తన మెత్తదనంలో మూడో వంతుకు పైగా పోగొట్టుకుంటోంది. కారణం పొర మందం. ట్యాంకులో ఉన్నంతసేపు తారు ఒక ముద్ద, గాలి తగిలేది పైపైనే. ప్లాంటులో 160 డిగ్రీల కంకర మీద పడగానే అది ఎనిమిది మైక్రాన్ల పొరగా పరుచుకుంటుంది. వెంట్రుక మందంలో సుమారు పదో వంతు. అంత పలచటి పొరకు అంత వేడిలో నిమిషం లోపే గాలి తగిలితే చాలు. ప్లాంటులో వేడి పది డిగ్రీలు ఎక్కువైనా ఏమవుతుందిలే అనుకునే మాట ఇకపై నేను ఒప్పుకోలేను.

డిసెంబర్ 20

డక్టిలిటీ చూశాం. 8 అంకె ఆకారంలో ఉండే అచ్చులో తారు పోసి, నీళ్లలో రెండు కొసలూ నిమిషానికి 50 మిల్లీమీటర్ల వేగంతో లాగితే తెగేలోపు ఎంత సాగిందో చూడాలి. లేత తారు దారంలా సన్నబడి మీటరు దాటినా తెగలేదు. ఆర్‌టీఎఫ్‌ఓ తారు 71 సెంటీమీటర్లకు తెగింది. వీజీ-30కి ఈ దశలో 40 చాలు.

చూస్తుంటే అమ్మ అరిసెల పాకం పట్టడం గుర్తొచ్చింది. తీగ పాకంలో వేళ్ల మధ్య తీగ సాగుతుంది, కాసేపు ఏమరితే ముదురు పాకమై టక్కున విరుగుతుంది. తారు కూడా అచ్చం అలాగే ముదురుతుంది. కానీ లోపల జరిగేది వేరు. పాకంలో నీరు ఆవిరై పోతుంది. తారులో తేలికైన నూనెలు కొంత పోయినా, అసలు పని చేసేది లోపలికి వచ్చే ఆక్సిజన్. అందుకే కొన్ని తార్లు ఆర్‌టీఎఫ్‌ఓ తర్వాత బరువు తగ్గడానికి బదులు పెరుగుతాయి.

తారును రసాయన పరంగా నాలుగు భాగాలుగా చూస్తారు. శాచురేట్లు, ఆరోమాటిక్కులు, రెజిన్లు, యాస్ఫాల్టీన్లు. మొదటి రెండూ నూనె లాంటివి, చివరిది పొడిలాంటి గట్టి భాగం. ఆక్సిజన్ కలిసే కొద్దీ ఆరోమాటిక్కులు రెజిన్లుగా, రెజిన్లు యాస్ఫాల్టీన్లుగా మారతాయి. శాచురేట్లు పెద్దగా కదలవు. మొత్తం మీద నూనె తగ్గి గట్టి భాగం పెరుగుతుంది. ఒత్తిడి వచ్చినప్పుడు కొంచెం జరిగి సర్దుకునే గుణం పోతుంది.

జనవరి 8

కోర్ల సాంద్రత, గాలి సందులు. గాలిలో తూచడం, నీళ్లలో తూచడం, తడి తుడిచి తూచడం. చక్రాల బాట కోర్లు ఇబ్బంది పెట్టలేదు. అంచు కోర్లు నీళ్లు తాగేశాయి, రెండు శాతం దాటింది. అలాంటప్పుడు మామూలు పద్ధతి తప్పు చూపిస్తుంది కాబట్టి మైనం పూసి మళ్లీ తూచాను.

గాలి సందులు ఎండలోని బాటలో 4.6 శాతం, నీడలోని బాటలో 4.9, అంచున 9.8.

ఈ మూడో అంకె చూసి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. దట్టమైన మిక్స్‌లో సందులు ఎనిమిది శాతం దాటితే అవి విడివిడి బుడగలుగా ఉండవు, ఒకదానితో ఒకటి కలిసి దారులవుతాయి. గాలీ నీళ్లూ ఆ దారుల్లోంచి లోపలిదాకా వెళ్తాయి.

జనవరి 29

మూడు వారాలు తారు వేరు చేయడానికే పోయాయి. బిళ్లలను వేడిచేసి విడగొట్టి, ట్రైక్లోరోఇథిలీన్‌లో నానబెట్టి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి ద్రావణం తీయాలి. దాన్ని రోటరీ ఎవాపరేటర్‌లో పెట్టి ద్రావకాన్ని ఆవిరి చేస్తే తారు మిగులుతుంది. ఈ ద్రావకం క్యాన్సర్ కలిగించేది. ఆవిరిని బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ లేకుండా, గ్లవ్స్ లేకుండా దాన్ని ముట్టుకోవద్దు. తలనొప్పి వచ్చాక తలుపు తెరిస్తే లాభం లేదు.

రెండు చోట్ల ఫలితం మోసం చేయగలదు, రెండూ నాకు ఎదురయ్యాయి. ద్రావకం కొంచెం మిగిలిపోతే తారు ఉన్నదానికంటే మెత్తగా కనిపిస్తుంది. నా మొదటి అంచు నమూనా పెనిట్రేషన్ 41 చూపింది, ఆర్‌టీఎఫ్‌ఓ నుంచి అప్పుడే దింపిన తారుకు దగ్గర! ఏడేళ్ల ఎండలో ఉన్నది అలా ఉండదు. మూత తీసి వాసన చూస్తే తెలిసిపోయింది. రెండోది రాతి పొడి. సన్నటి పొడి ద్రావణంతో పాటు వచ్చేస్తే తారు ఉన్నదానికంటే గట్టిగా కనిపిస్తుంది. దానికి ఎక్కువ వేగంతో ఇంకోసారి సెంట్రిఫ్యూజ్ తిప్పాలి. ఈ రెండు తప్పులూ ఎదురెదురు దిక్కుల్లో లాగుతాయి కాబట్టి, ఒక్కోసారి ఒకదాన్నొకటి కప్పేసి అంకె బాగున్నట్టే కనిపిస్తుంది. అదే ప్రమాదం. అందుకని లేత తారును కూడా అదే ద్రావకంలో కరిగించి, అదే దారిలో వెనక్కి తీసి కొలిచాను. 63కి 61 వచ్చింది. అప్పుడు ధైర్యం వచ్చింది.

ఫిబ్రవరి 6

ఆరు నమూనాలూ అయ్యాయి.

చక్రాల బాట, ఎండ: పై సగం పెనిట్రేషన్ 24, కింది సగం 31.
చక్రాల బాట, నీడ: పైన 29, కింద 33.
అంచు, ఎండ: పైన 14, కింద 20. పై సగం మెత్తబడే వేడి 68 డిగ్రీలు.

అంచున కింది సగం కూడా చక్రాల బాట పై సగం కంటే ముదిరిపోయింది. రెండూ ఒకే రోజు, ఒకే ప్లాంటు మిక్స్‌తో, ఒకే ఆకాశం కింద వేసినవి. ఎండ ప్రభావం ఉంది, నీడకూ ఎండకూ ఐదు పాయింట్లు తేడా. కానీ బాటకూ అంచుకూ తేడా పది. మా ఖమ్మం వైపు మే నెలలో రోడ్డు పైభాగం 60 డిగ్రీలు దాటుతుంది కాబట్టి ఎండే అసలు దోషి అనుకుని మొదలుపెట్టాను. నా నమూనాల్లో దోషి గాలి సందులు.

చక్రాల బాట ఎందుకు బాగుందో కూడా దీంతో అర్థమైంది. లారీలు మొదటి రెండు ఎండాకాలాల్లో దాన్ని ఇంకా నొక్కి సందులు మూసేశాయి. అంచుకు రోలర్ ఇచ్చిన నొక్కుడే మొదటిదీ చివరిదీ.

ఫిబ్రవరి 13

కెమిస్ట్రీ విభాగంలో ఎఫ్‌టీఐఆర్ చూపించుకున్నాం. నమూనా పరారుణ కాంతిని ఎక్కడెక్కడ పీల్చుకుంటుందో గీసి, అందులోని రసాయన బంధాలను చూపే పరీక్ష అది. ఆక్సిజన్ కలిసిన గుర్తులు ఆ గీతలో 1700 (సెంటీమీటరుకు తరంగాలు) దగ్గర కార్బొనిల్, 1030 దగ్గర సల్ఫాక్సైడ్. అంచు నమూనాలో కార్బొనిల్ శిఖరం స్పష్టంగా లేచింది, లేత తారులో ఆ చోటు దాదాపు చదును. 1030 మాత్రం నేను వాడటం లేదు. మా కంకర గ్రానైట్, దాని పొడి ఏ కాస్త మిగిలినా సిలికా శిఖరం సరిగ్గా ఆ పక్కనే వస్తుంది.

మార్చి 4

ఇప్పుడు తారు ఒక్కదాన్నే కాకుండా మిక్స్‌ను ముదరబెట్టి చూడాలి. అచ్చు వేసిన దిమ్మెలను 85 డిగ్రీల ఓవెన్‌లో ఐదు రోజులు ఉంచితే కొన్నేళ్ల సర్వీసుతో సమానం అని తీసుకుంటారు. దిమ్మెల్లో సందులు ఏడు శాతం ఉండాలి. దిమ్మెలను అచ్చులో దట్టించే మార్షల్ సుత్తితో ఒక్కో వైపు 75 దెబ్బలు వేస్తే నాలుగుకు దిగిపోతుంది. ఎన్ని దెబ్బలకు ఏడు వస్తుందో పట్టుకోవడానికి పదకొండు దిమ్మెలు వృథా అయ్యాయి. మా మిక్స్‌కు 34 కుదిరింది.

మూడో రోజు రాత్రి కరెంటు పోయింది. పొద్దున వెళ్లేసరికి ఓవెన్ 41 డిగ్రీల దగ్గర ఉంది, ఎప్పుడు ఆగిందో చెప్పేవాళ్లు లేరు. ఆ దిమ్మెలు తీసేసి, మళ్లీ మొదటి నుంచి చేశాను. ఈసారి ఓవెన్‌ను జనరేటర్ లైనుకు కలిపించాం. రాత్రి పదకొండుకోసారి, తెల్లవారి ఐదుకోసారి వెళ్లి వేడి రాసుకున్నాను.

మార్చి 17

దిమ్మెను పక్కకు పడుకోబెట్టి, మార్షల్ యంత్రంలోనే నిమిషానికి 50 మిల్లీమీటర్ల వేగంతో నొక్కి చీల్చాలి. బరువూ జరుగుదలా రెండూ కలిపి గీత గీస్తేనే విషయం తెలుస్తుంది. మా యంత్రానికి రెండు డయల్ గేజ్‌లే ఉన్నాయి, మొత్తం పరీక్ష కొన్ని సెకన్లలో అయిపోతుంది. ఫోన్‌ను స్టాండు మీద పెట్టి రెండు డయళ్లూ ఒకే ఫ్రేములో వచ్చేలా స్లో మోషన్‌లో వీడియో తీశాం. తర్వాత ఫ్రేము ఫ్రేముకూ ఆపుతూ అంకెలు రాసుకున్నాను. ఒక్కో దిమ్మెకు గంటన్నర పట్టింది, గీత మాత్రం శుభ్రంగా వచ్చింది.

లేత దిమ్మెల చీలిక బలం సగటున 0.92 మెగాపాస్కల్స్. ఐదు రోజులు ముదిరినవి 1.21. అంటే ముదిరినవే బలమైనవి! అంకె ఒక్కటే చూస్తే అలాగే అనిపిస్తుంది. మార్షల్ స్టెబిలిటీ (దిమ్మె విరిగేలోపు మోసే బరువు) చూసినా అలాగే పెరుగుతుంది. కానీ గీత వేరే కథ చెబుతోంది. లేత దిమ్మె శిఖరం దాటాక మెల్లగా దిగింది, చీలిన తర్వాత కూడా కాసేపు పట్టుకుని ఉంది. ముదిరిన దిమ్మె ఎత్తుకు వెళ్లి, అక్కడి నుంచి గోడ దిగినట్టు పడిపోయింది. ఆ దిగుడు వాలునూ, గీత కింది వైశాల్యాన్నీ కలిపి లెక్కించే సూచికను మా దిమ్మెల మధ్య పోలికకే వాడుకున్నాను. ముదిరినవాటికి అది సగానికంటే తక్కువ వచ్చింది.

ఇక్కడ నాకు గట్టి అభిప్రాయం ఏర్పడింది. రోడ్డు నుంచి తీసిన ముక్కకు బలం పరీక్ష ఒక్కటే చేసి, బాగుందని సర్టిఫికెట్ ఇవ్వడం తప్పు. పగలబోయే రోడ్డు కూడా బలం పరీక్షలో మంచి మార్కులతో పాసవుతుంది.

మార్చి 30

రోడ్డు వేసిన రోజున ఏం జరిగిందో తెలుసుకోవాలని ఆదివారం ఊరికి వెళ్లాను. చింతచెట్ల దగ్గర టీ హోటల్ నడిపే పెద్దనాన్న ఆ పనికి నీళ్ల డ్రమ్ములు సప్లై చేశాడట. "పొద్దుగూకినంక కూడ ఏసిన్రు బిడ్డా. టిప్పర్లు ఆలిశంగ వచ్చినయ్. రోలరాయన నడిమిట్లనే తిప్పిండు, అంచుకు వస్తే కిందికి జారుతదని భయపడ్డడు" అన్నాడు.

ఏడేళ్ల కిందటి మాట, దాన్ని కొలతగా రాయలేను. కానీ 9.8 శాతం పక్కన పెట్టి చూస్తే రెండూ అతికాయి. పక్కన ఆసరా లేని అంచు రోలర్ కింద బయటికి జరుగుతుంది, సరిగా నలగదు. పైగా పైనుంచీ పక్కనుంచీ గాలి తగిలి మధ్య భాగం కంటే ముందే చల్లబడుతుంది. మిక్స్ 90 డిగ్రీలకు దిగేలోపు రోలింగ్ ముగియాలి. దిగాక ఎన్నిసార్లు తిప్పినా సందులు మూసుకోవు.

ఏప్రిల్ 12

పక్క మండలంలో కొత్తగా పై పొర వేస్తున్నారు. నా అంకెలు చూపిస్తే అక్కడి ఇంజనీరుగారు రమ్మన్నారు. పొద్దున ఆరింటికే వెళ్లాను. మిక్స్ పరిచే యంత్రం పేవర్ వెనకాల నడుస్తూ, ప్రతి పది మీటర్లకూ థర్మామీటర్ గుచ్చి మధ్యలో ఒకటి, అంచున ఒకటి రాసుకున్నాను. పేవర్ దాటిన వెంటనే మధ్యలో 142, అంచున 131. రోలర్ వచ్చేసరికి మధ్యలో 126 ఉంటే అంచు 104కి దిగింది. గాలి కొంచెం వీస్తోంది, అంతే.

రోలర్ నడిపే అన్నకు థర్మామీటర్ చూపించి, మిగిలిన పలకల్లోంచి నీడలోని ముక్క ఒకటి, అంచు ముక్క ఒకటి సంచిలోంచి తీసి చేతికిచ్చాను. అంచు ముక్కను బొటనవేలితో రుద్దాడు, పలుకులు రాలాయి. ఇంకేం అడగలేదు. తర్వాతి టిప్పర్ నుంచి ముందు అంచు నుంచే మొదలుపెట్టి, తర్వాత మధ్యకు వచ్చాడు. ఆ ముక్కకు పక్కన గుర్తుగా సున్నం గీత వేసి వచ్చాను. సోమవారం అక్కడ రెండు కోర్లు తీయడానికి అనుమతి దొరికింది. ఒకటి గీతకు ముందు, ఒకటి తర్వాత.